మోడల్ మార్పిడిలో తప్పిపోయిన ఉప్పుటేరు

2022 వేసవిలో జరిగిన సంగతి ఇది. అప్పటికి నేను అమలాపురంలో మా ఇంటి మేడ మీద గదిలో కూర్చుని, హైదరాబాదులోని ఒక చిన్న కన్సల్టింగ్ సంస్థకు పనిచేస్తున్నాను. ఏం పని అని అడిగినవాళ్లకు ఒక్క ముక్కలో చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. మా అత్తగారు మాత్రం తేల్చేశారు. "మా కోడలు కంప్యూటర్లో ముగ్గులు పెడతాదండీ. ఒకళ్లు పెట్టిన ముగ్గుని ఇంకోలా మారుస్తాది. దానికి జీతం కూడా ఇస్తారు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. జీతం సంగతి చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో గర్వం కన్నా అనుమానమే ఎక్కువగా వినబడేది.

ఆవిడ చెప్పింది పెద్ద తప్పేమీ కాదు. ఒక సంస్థలో పని ఎక్కడ మొదలై, ఎవరెవరి చేతులు మారి, ఎక్కడ ముగుస్తుందో గీసిన బొమ్మను ప్రాసెస్ మోడల్ అంటారు. అది గోడకు తగిలించుకునే బొమ్మ కాదు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు ఆ బొమ్మను చదువుకుని, ఈ పని అయింది కాబట్టి ఇక ఫలానా మనిషికి ఫలానా పని చెప్పాలి అని తామే నడిపిస్తాయి. ఆ బొమ్మలు గీసే పద్ధతులు చాలా ఉన్నాయి. వాటిని మోడలింగ్ లాంగ్వేజ్‌లు అంటాం. ఒకదాంట్లో గీసినదాన్ని అర్థం చెడకుండా మరోదాంట్లోకి మార్చడమే నా ఉద్యోగం.

నేను ఎక్కువగా చూసినవి రెండు. ఈపీసీ అనేది పాతది. దానికి కోర్టు గుమాస్తా స్వభావం. పని చెప్పి ఊరుకోదు, అయినట్టు కూడా రాసుకుంటుంది. 'బిల్లు ప్రింటు తీయాలి' అని ఒక డబ్బా గీస్తే, దాని కింద 'బిల్లు ప్రింటయింది' అని ఆరుపలకల గడి ఒకటి గీయాలి. ఆ గడిని ఈవెంట్ అంటారు. రెండోది బీపీఎమ్‌ఎన్. ఇది తొందర మనిషి. ప్రింటు తీశాక అయినట్టే కదా, మళ్లీ చెప్పడమెందుకు అంటుంది. అందుకని ఈపీసీ బొమ్మను బీపీఎమ్‌ఎన్‌లోకి మార్చేటప్పుడు, రెండు పనుల మధ్య ఊరికే కూర్చున్న ఈవెంట్లను తీసేయడం రివాజు. వాటికి ట్రివియల్ ఈవెంట్లని పేరు. చెప్పనక్కర్లేనివి అని అర్థం. ఇలా మార్చిపెట్టే టూళ్లు కూడా ఉన్నాయి. బియ్యంలో రాళ్లు ఏరినట్టు చకచకా ఏరేస్తాయి.

ఆ మే నెలలో, రొయ్యలు కొని ఎగుమతి చేసే ఒక కంపెనీ నుంచి నాకు ఫోను వచ్చింది. పేరు ఇక్కడ అనవసరం. వాళ్ల కలెక్షన్ సెంటర్ ఒకటి రాజోలు దగ్గర ఉంది. పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టుకున్నారు. పాతది ఈపీసీ, కొత్తది బీపీఎమ్‌ఎన్. మార్పిడి వాళ్లే చేసుకున్నారు. ఫోను చేసినాయన ప్రసాద్ గారు. హైదరాబాదు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ వ్యవహారాలన్నీ ఆయన చూస్తారు. మర్యాదస్తుడే గాని తీరిక లేని మనిషి.

"మోడల్‌లో తప్పేమీ లేదు మేడమ్. మావాళ్లు ఒకటికి రెండుసార్లు చూశారు. మిగతా సెంటర్లన్నీ బాగానే నడుస్తున్నాయి. మీ రాజోలు వైపే తేడా. ఐసు బండి చెరువు దగ్గరికి వెళ్లేసరికి రైతు సిద్ధంగా ఉండడం లేదు. బండి కాసేపు చూసి ఇంకో చెరువుకి వెళ్లిపోతోంది" అన్నారు.

"రైతులు ఏమంటున్నారండీ?"

"అదిగో ఇదిగో అంటున్నారట. రేటు పెరుగుతోంది కదా, బయట ఇంకెవరికైనా అమ్ముకోవచ్చని నానుస్తున్నారేమోనని మా అనుమానం. చిట్టిబాబు అని ఒకాయన ఉన్నారు. రెండుసార్లు బండి ఖాళీగా తిరిగొచ్చింది. అలా వచ్చినప్పుడల్లా 'రైతు సిద్ధంగా లేరు' అని మార్కు పడుతుంది. మూడోది పడితే సిస్టమ్ ఆయన పేరు దానంతటదే తీసేస్తుంది. ఆ తర్వాత ఆయన దగ్గర మేం కొనం. మీరు అక్కడివాళ్లే కదా, ఒకసారి వెళ్లి చూసి, మోడల్ బాగానే ఉందని రిపోర్టు ఇస్తే చాలు."

'ఇస్తే చాలు' అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. చూడకముందే జవాబు చెప్పి చూడమనేవాళ్లను చాలామందిని చూశాను. అయితే ఈసారి కోపం కన్నా కుతూహలం ఎక్కువైంది. ఒకే బొమ్మ అన్ని ఊళ్లలో నడిచి ఒక్క ఊళ్లో నడవకపోతే, ఆ ఊళ్లో ఏదో ఉండాలి. సరేనన్నాను.

మర్నాడే రాజోలు బస్సెక్కాను. సెంటర్లో బండ్లు పంపే బాధ్యత సత్తిబాబు గారిది. యాభై దాటిన మనిషి. నన్ను చూడగానే కుర్చీ తుడిచి వేశారు.

"రండి మేడమ్ గారూ. ఎండన పడొచ్చేరు. మజ్జిగ తాగుతారా, టీ చెప్పనా అండీ?"

మజ్జిగ తాగుతూ చిట్టిబాబు గారి సంగతి అడిగాను.

"మంచోడేనండీ. అదే కదా బాధ. ఇన్నేళ్లలో మాట తప్పగా నేను చూళ్లేదు. మా అమ్మాయి పెళ్లికి ముందురోజే వచ్చి పందిరి దగ్గర నిలబడ్డాడండీ. అలాంటోడికి ఇప్పుడేమొచ్చిందో మరి. రేటు చూసేసరికి బుద్ధి మారిపోయిందనుకుంటాను. మొన్న ఫోన్ చేస్తే నేను తియ్యలేదండీ. ఏం మాట్లాడమంటారు?"

ఆయనకు నిజంగానే మనసు కష్టంగా ఉంది. నేను మాట మార్చి, పట్టుబడి ఎలా జరుగుతుందో మొదటినుంచీ చెప్పమన్నాను. చెరువులో రొయ్యల్ని పట్టి బయటికి తీయడాన్ని మా వైపు పట్టుబడి అంటారు.

"రైతు కబురు పెడతాడండీ. మనోళ్లు వెళ్లి కౌంటు చూస్తారు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో చూడ్డం అన్నమాట. రేటు కుదురుతాది. వల ముఠా వెళ్లి తూముకి వల బిగిస్తారు. పట్టుబడి చేస్తారు. ఐసు బండెళ్లి ఎత్తుకొస్తాది. అంతేనండీ."

"మధ్యలో ఎక్కడైనా ఆగాల్సి ఉంటుందా?"

"ఎక్కడా ఆగమండీ. ఆగితే రొయ్య ఊరుకుంటాదా?"

కొత్త సాఫ్ట్‌వేర్ కూడా చూపించారు. వల బిగించగానే ముఠా మేస్త్రి తన ఫోన్లో నొక్కాలి. అలా నొక్కితేనే ముఠాకి ఆ రోజు హాజరు పడుతుంది. ఆయన నొక్కిన మరుక్షణం ఐసు బండికి కబురు వెళ్లిపోతుంది. ఇందులో రైతు నొక్కేది ఏమీ లేదు. అంతా సవ్యంగానే ఉంది. మార్కులు పడిన చెరువులు ఎక్కడెక్కడ ఉన్నాయని అడిగాను. సత్తిబాబు గారు ఒక్కొక్కటే చెబుతుంటే గమనించాను. అన్నీ ఉప్పుటేటి గట్టు మీదివే. పంట కాలువల వైపు చెరువుల్లో ఒక్కదానికీ మార్కు లేదు.

"ఏటి గట్టోళ్లు కొంచెం గడుసోళ్లండీ" అన్నారాయన, ఏదో ఒక కారణం చెప్పాలి కాబట్టి.

గడుసుతనం అలా గట్టు చూసుకుని ఒకవైపే పెరుగుతుందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఇంటికి వచ్చాక పాత ఈపీసీ బొమ్మ, కొత్త బీపీఎమ్‌ఎన్ బొమ్మ రెండూ ప్రింటు తీసి, కాగితాలు అతికించి హాల్లో నేల మీద పరిచాను. పక్కపక్కనే పెట్టి, పెన్సిలుతో ఒక్కొక్క పనికీ జత కలుపుకుంటూ వెళ్లాను. పాతదాంట్లో ఉన్న ప్రతి పనీ కొత్తదాంట్లో ఉంది. వరస మారలేదు. కొమ్మలు చీలే చోట చీలాయి, కలిసే చోట కలిశాయి. తీసేసిన ఈవెంట్లన్నీ రూలు ప్రకారమే తీశారు. మా అత్తగారు దాటడానికి దారి లేక గుమ్మంలో నిలబడి, "రెండూ ఒకలాగే ఉన్నాయి కదమ్మా, దేనికంత చూడ్డం?" అన్నారు. నాకూ అలాగే కనిపించింది. ప్రసాద్ గారు కోరిన రిపోర్టు ఆ సాయంత్రమే రాసి పంపేయవచ్చు. రాయబుద్ధి కాలేదు. నేను తప్పు లేదని రాస్తే, తప్పంతా చిట్టిబాబు గారిదని రాసినట్టే.

రెండు రోజుల తర్వాత సత్తిబాబు గారు ఫోన్ చేశారు. "రేపు చిట్టిబాబు చెరువుకి మూడోసారి ముఠాని పంపుతున్నామండీ. మీరూ వస్తాను, చెప్పమన్నారు కదా" అని. పాత బొమ్మ మడతపెట్టి సంచిలో పెట్టుకుని పొద్దున్నే బయల్దేరాను.

ఆటో దిగి గట్టు మీద చాలా దూరం నడవాలి. ఒకవైపు చెరువులు, వాటిలో గిరగిరా తిరుగుతూ నీళ్లు చిమ్మే ఏరియేటర్లు. రెండోవైపు ఉప్పుటేరు, గట్టు అంచుదాకా నిండుగా. అవతలి ఒడ్డున మడచెట్లు మొదళ్లు మునిగి నిలబడి ఉన్నాయి. నేను వెళ్లేసరికి ముఠావాళ్లు తూముకి వల బిగించేసి, తాటాకు పాక నీడలో కూర్చుని ఉన్నారు. నా వెనకే ఐసు బండి కూడా వచ్చి ఆగింది. ఎవరికీ తొందర ఉన్నట్టు లేదు. ఒక్క చిట్టిబాబు గారు మాత్రం గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నారు. సన్నగా, పొడుగ్గా ఉన్నారు.

నేనెవరో చెప్పాను. ఆయన రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి, ఆ మర్యాద తగ్గకుండానే ఒకటి అంటించారు.

"కంపెనీ తరఫున వచ్చేరా అండీ? ఐతే రాసుకోండి. మూడోసారి కూడా చిట్టిబాబు సిద్ధంగా లేడు."

"ఊరుకోండి. ఆవిడేం చేసేరు పాపం" అని ఆయన భార్య రామలక్ష్మి గారు నన్ను పాకలోకి పిలిచి బల్ల చూపించారు. మంచినీళ్లు ఇస్తూ మెల్లగా చెప్పారు. "రెండుసార్లు వల కట్టడం, విప్పడం అయిందమ్మా. ఈ వేడికి చెరువులో పంట ఎన్నాళ్లాగుతాది? ఏ జబ్బో తగిలితే మొత్తం పోతాది. దానికన్నా ఆయనకి ఇంకోటి బాధ. అమ్ముకోడానికి నానుస్తున్నాడని సత్తిబాబు గారు అన్నారంట. ఆ మాట విన్నకాణ్ణించి అన్నం సరిగా తినట్లేదు."

వల బిగించి ఉంది. మనుషులు ఉన్నారు. బండి ఉంది. రైతు ఉన్నాడు, అన్నం మానేసి మరీ ఉన్నాడు. మరి పట్టుబడి ఎందుకు మొదలవదు? అదే అడిగాను.

"అందరూ ఇక్కడే ఉన్నారు కదండీ, దేనికోసం చూస్తున్నారు?"

రామలక్ష్మి గారు నావైపు వింతగా చూశారు. "దేనికోసం ఏంటమ్మా? నీరు లాగాలి కదా."

"నీరు లాగడం అంటే?"

ఈసారి చిట్టిబాబు గారే పాకలోకి వచ్చి చెప్పారు. "ఇప్పుడు పోటండీ. సముద్రం నీరు ఏట్లోకి ఎక్కి ఉంది. చూడండి, చెరువుకన్నా ఏరే ఎత్తుగా ఉంది. ఇప్పుడు తూము తీస్తే ఏరు చెరువులో పడతాది. పోటు తిరిగి ఏట్లో నీరు కిందకి లాగేక తూము తీస్తే, చెరువు నీరు ఏట్లోకి పోతాది. ఆ నీటితోపాటు రొయ్యొచ్చి వల్లో పడతాది. పంట కాలవ వైపు చెరువులకి ఈ గొడవ లేదండీ. ఎప్పుడు కావాలంటే అప్పుడు మురుగు కాలవలోకి వదిలేసుకుంటారు."

"ఈ సంగతి సత్తిబాబు గారికి చెప్పారా?"

"చెప్పడమేంటండీ? ఆయనిక్కడే పుట్టేడు. నీరు లాక్కుండా ఏటి గట్టు మీద ఎవడైనా పట్టుబడి చేస్తాడా?"

సంచిలోంచి పాత బొమ్మ తీసి బల్ల మీద పరిచాను. ముఠావాళ్లు కూడా చుట్టూ మూగారు. వేలు పెట్టి కిందికి వచ్చాను. ఏటి గట్టు చెరువుల కొమ్మలో 'తూముకి వల బిగించాలి' అన్న డబ్బా. దాని కింద రూలు ప్రకారం 'వల బిగించడమైంది' అని ఆరుపలకల గడి ఉండాలి. అక్కడ 'నీరు లాగింది' అని రాసి ఉంది. నేల మీద పరిచి చూసినప్పుడు అదే గడిని నేను కూడా వల బిగించడం తాలూకు ఫలితం అనుకుని దాటేశాను. వల వేస్తే నీరు లాగినట్టే కాబోలు అనుకున్నాను తప్ప, ఆ నీరు ఎవరూ లాగేది కాదని నాకు తట్టలేదు. సముద్రం లాగాలి.

ఇదంతా ఈపీసీ బొమ్మలో ఉన్న కిటుకు. మనిషి చేసిన పని ముగిసినా, మనిషి చేతిలో లేనిది వచ్చినా దానికి ఒకటే గడి. బీపీఎమ్‌ఎన్ అలా కాదు. పని ముగిస్తే ఏమీ గీయనక్కర్లేదు. బయటనుంచి ఏదో రావాలంటే మాత్రం దారి మధ్యలో రెండు వరసల సున్నా గీసి, అది వచ్చేదాకా ఆగమని చెప్పాలి. అంటే ఒక భాషలో ఒకే మాట, రెండో భాషలో రెండు. ఇంగ్లీషులో 'వుయ్' అని ఉన్నదాన్ని తెలుగులో 'మనం' అనాలో 'మేము' అనాలో ఆ కాగితం చెప్పదు. అక్కడ ఎవరున్నారో చూడాలి. టూలు చూడలేదు. చూడడం దాని పని కాదు.

తప్పు దొరికిందన్న ఆనందంలో నేను ఉండగానే బండి డ్రైవరు వచ్చి నిలబడ్డాడు.

"మేడమ్ గారూ, ఇంకో చెరువుకి వెళ్లమని ఫోన్లో వచ్చేసిందండీ. ఇక్కడ లోడింగు మొదలెట్టలేదని. నేనెళ్లకపోతే నా మీద పడతాది."

అతను వెళ్తే మూడో మార్కు. చిట్టిబాబు గారు మొహం తిప్పుకుని ఏటి వైపు చూస్తూ నిలబడ్డారు. నేను సత్తిబాబు గారికి ఫోన్ చేశాను.

"సత్తిబాబు గారూ, పాత కంప్యూటర్లో, వల బిగించాక, బండికి చెప్పేముందు మీరు ఏదైనా నొక్కేవారా?"

"లేదండీ. ఏముంటాది? రైతు ఫోన్ చేసేవోడు, ఓ గడిలో టిక్కు పెట్టేవోణ్ణి, బండి పంపేవోణ్ణి."

"ఏమని ఫోన్ చేసేవాడు?"

"నీరు లాగిందండీ అని..."

అక్కడ ఆగిపోయారు. గొంతు తగ్గించి అన్నారు.

"కొత్తదాంట్లో ఆ గడి లేదండీ. లేదన్న సంగతే నాకు తట్టలేదు. అయ్యయ్యో. అందుకా చిట్టిబాబు నాకు ఫోన్ చేసింది? ఆ ఫోనే కదండీ నేను తియ్యంది." వెంటనే మళ్లీ, "డ్రైవర్‌కివ్వండి మేడమ్ గారూ" అన్నారు. డ్రైవరు ఫోను తీసుకుని, ఆయ్, ఆయ్ అంటూ విన్నాడు. ఫోను నాకిచ్చేసి బండి తీసుకెళ్లి చెట్టు నీడన పెట్టాడు. "సత్తిబాబు గారి పూచీ అంటండీ. నీరు లాగేదాకా కదలొద్దన్నారు" అన్నాడు.

ఆ తర్వాత ప్రసాద్ గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన వినడం మొదలుపెట్టాక శ్రద్ధగానే విన్నారు. తప్పు దొరికినందుకు కోపగించుకోలేదు. అది ఆయనలో నాకు నచ్చింది.

"అర్థమైంది. అయితే సింపుల్ మేడమ్. వల బిగించాక టైమర్ ఈవెంట్ ఒకటి పెట్టేద్దాం. పోటు తగ్గడానికి ఆరు గంటలు పడుతుంది కదా. ఆరు గంటలయ్యాక బండి కదులుతుంది" అన్నారు. టైమర్ ఈవెంట్ అంటే సున్నాలో గడియారం బొమ్మ. చెప్పిన వేళ అయ్యేదాకా పని అక్కడే ఆగి ఉంటుంది.

ఫోను చెవి దగ్గరే ఉంచుకుని ఆ మాట చిట్టిబాబు గారిని అడిగాను. ఆయన మొదటిసారి నవ్వారు.

"ఆరు గంటలు ఎక్కణ్ణించి లెక్కెడతారండీ? ముఠా ఎప్పుడొస్తే అప్పుడు వల బిగిస్తారు. పోటు వాళ్లని చూసుకుని రాదు కదా. రోజుకి రెండు గడియలు వెనక్కి జరుగుతాది. అమావాస్యకి బాగా లాగుతాది, అష్టమికి లాగీ లాగనట్టు లాగుతాది. గాలి తోస్తే ఇంకో లెక్క. గడియారానికి తెలీదండీ ఇదంతా. గట్టు మీదున్నోడికి కనబడతాది."

అంటే పెట్టవలసింది గడియారం కాదు, మెసేజ్ ఈవెంట్. సున్నాలో కవరు బొమ్మ. బయటి మనిషి కబురు పంపేదాకా పని ఆగుతుంది. ఇక్కడ ఆ బయటి మనిషి రైతు. ఆ మాటే ప్రసాద్ గారికి చెప్పాను.

"అంటే రైతు చెప్పేదాకా మా బండి కదలదన్నమాట. రేపు నిజంగానే ఎవరైనా రేటు కోసం నానిస్తే?"

"ఇప్పటిదాకా నానిస్తున్నారనే కదండీ అనుకున్నారు. ఆ అనుమానంతో ఏం దొరికిందో చూశారు. పాత పద్ధతిలో ఇన్నేళ్లూ బండి రైతు మాట మీదే కదిలింది. అది మీ బొమ్మలో ఉంది. మార్చేటప్పుడు మీకు తెలియకుండా ఆ మాట ఆయన దగ్గర్నుంచి లాగేసుకున్నారు. నేను కొత్తగా ఇమ్మనడం లేదు, తిరిగి ఇవ్వమంటున్నాను" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నానేమో, పాకలో అందరూ నావైపు తిరిగారు. ప్రసాద్ గారు, సాయంత్రం మా వాళ్లతో మాట్లాడి చెబుతాను అని పెట్టేశారు.

నీరు లాగడం నేను ఆ రోజే మొదటిసారి కూర్చుని చూశాను. పుట్టి పెరిగింది కోనసీమలోనే అయినా ఏటి దగ్గర అంతసేపు ఊరికే కూర్చున్నది లేదు. ముందు ఏమీ తెలియదు. మడచెట్ల మొదళ్ల మీద తడి గీత ఒకటి బయటపడింది. ఆ గీత కింద బురద, బురదలో చిన్న చిన్న పీతలు. కొబ్బరి డొక్క ఒకటి అంతదాకా మావైపు వచ్చింది కాస్తా నిలబడి, మెల్లగా సముద్రం వైపు తిరిగింది. చిట్టిబాబు గారు తూము దగ్గరికి దిగి, చెయ్యి నీళ్లలో పెట్టి చూసి, "ఇక లేవండి" అన్నారు. అప్పటిదాకా బద్ధకంగా ఉన్న ముఠా ఒక్కసారి లేచింది. తూముకి అడ్డంగా ఉన్న చెక్కలు ఒక్కొక్కటే లాగారు. నీరు హోరున ఏట్లోకి దూకింది. వల ఉబ్బింది. మొదటి వల గట్టు మీదికి లాగేసరికి అందులో రొయ్యలు ఎండకు తళతళలాడుతూ ఎగురుతున్నాయి. రామలక్ష్మి గారు ఒక రొయ్య చేత్తో తీసి అటూ ఇటూ తిప్పి చూసి, జబ్బు లేదు అన్నట్టు భర్తవైపు తల ఊపారు. ఆవిడ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

బండి నిండుతుండగా సత్తిబాబు గారు స్కూటర్ మీద వచ్చారు. చిట్టిబాబు గారి ఎదురుగా నిలబడి, "తప్పయిపోయింది చిట్టిబాబూ. నిన్ను అనకూడని మాట అన్నాను" అన్నారు.

చిట్టిబాబు గారు వెంటనే కరిగిపోయే మనిషి కాదు. వల దులుపుతూనే, "నువ్వు కూడా అనేవు" అన్నారు. కాసేపాగి, "అన్నం తిన్నావా?" అని అడిగారు.

ఆ రోజు అక్కడే తిన్నాం అందరం. రొయ్యల వేపుడు గురించి రాయడం మొదలుపెడితే ఈ వ్యాసం దారి తప్పుతుంది.

మర్నాటికి ప్రసాద్ గారు ఒప్పుకున్నారు. ఏటి గట్టు చెరువుల కొమ్మలో మెసేజ్ ఈవెంట్ పెట్టాం. రైతు ఫోన్లో 'నీరు లాగింది' అని ఒక్క బటను వచ్చేలా చేశారు. బండి దాంతోనే కదులుతుంది. చిట్టిబాబు గారి పేరు మీద పడ్డ రెండు మార్కులూ తీసేయమని నేను పట్టుబట్టాను. తీశారు. అంతేకాదు, ప్రసాద్ గారు స్వయంగా చిట్టిబాబు గారికి ఫోన్ చేసి, పొరపాటు మాదేనండీ అని చెప్పారు. ఆ మాటకు చిట్టిబాబు గారు ఇచ్చిన జవాబు ప్రసాద్ గారే నాకు నవ్వుతూ చెప్పారు.

"పర్లేదండీ. బండి సిద్ధంగానే ఉంది, నేనూ సిద్ధంగానే ఉన్నాను. సిద్ధంగా లేంది ఏరండీ. మార్కేదైనా వెయ్యాలంటే దానికి వెయ్యండి."

ఆ పాత బొమ్మ గీసినవాళ్లెవరో తెలుసుకుందామని చాలా ప్రయత్నించాను. కంపెనీలో ఎవరికీ తెలియదు. ఎవరో ఒకరు అప్పట్లో ఆ గట్టు మీదికి వచ్చి, నాలాగే ఆ పాకలోనో మరో పాకలోనో కూర్చుని, ఇక్కడ మనుషులు దేనికోసమో చూస్తున్నారని గమనించి ఉండాలి. లేకపోతే ఆ గడిలో ఆ మాట రాయరు. వాళ్లంటే నాకు గౌరవం.

నా మటుకు నాకు ఆ కేసు తర్వాత ఒక అలవాటు స్థిరపడింది. పని చేసేవాళ్లను మీ పనేంటని అడిగితే చేసేదంతా చెబుతారు, ఎదురుచూసేది చెప్పరు. వాళ్ల లెక్కలో అది పని కాదు, గాలి పీల్చడంలాగా ఉండనే ఉంటుంది. చిట్టిబాబు గారి పేరు పోయేదాకా రావడానికి అంతకన్నా పెద్ద కారణం అవసరం లేకపోయింది. అందుకే ఇప్పుడు ఒక ఈవెంట్‌ను చెప్పనక్కర్లేనిదని కొట్టేసే ముందు, ఆ పని చేసేచోటికి ఫోన్ చేసి, ఇక్కడ మీరు దేనికోసమైనా ఆగుతారా అని అడుగుతాను. "ఎక్కడా ఆగమండీ" అని వాళ్లు నమ్మకంగా చెప్పారంటే, పెన్సిలు పక్కన పెట్టి, ఏ బస్సు ఎక్కాలో కనుక్కుంటాను.